మూడో పిన్ను

నేతన్ ఒళ్లో గిటార్ ఉంది. ఒంట్లో ప్రాణం లేదు.

అమీర్‌పేట గల్లీలో మూడంతస్తుల ఇల్లు. పై వాటా. సాయంత్రం ఏడుంబావుకు భార్య జెనీఫర్ బేగంపేట ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసింది. బాల్కనీ గుమ్మం దగ్గర స్టూలు మీద, గోడకు జారబడి కనిపించాడు. ఎదురుగా అరవై ఏళ్ల నాటి బ్రిటిష్ గిటార్ యాంప్లిఫయర్. దాని వెనక గాజు వాల్వులు ఇంకా నిప్పు కణికల్లా ఎర్రగా ఉన్నాయి.

ఎస్సై హైందవి పావుగంటలో వచ్చింది. ఆమెకు పెళ్లయి నెల తిరగలేదు. అరచేతుల్లో గోరింటాకు ఇంకా ఉంది. గ్లవ్స్ వేసుకుంటే అది కనపడదని రోజూ కాస్త దిగులు పడుతుంది. ఇవాళ ఆ ఊసే గుర్తు రాలేదు.

నేతన్ ఎడమ చేతి వేళ్ల మీద సన్నటి కాలిన గీతలు. తీగలు నొక్కిన చోటే. ఉత్తి పాదాలు. కింద వాన జల్లుకు తడిసిన గచ్చు.

"కరెంట్ షాక్ మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ నర్సింహులు. "పాత డబ్బా గదా. యాక్సిడెంటే."

"కాదు." గోడ దగ్గర నిలబడ్డ జెనీఫర్ గొంతు అది. "దీంట్లో నాలుగొందల వోల్టులు ఉంటాయని తనే చెప్పేవాడు. మూత తీస్తే ఎడమ చెయ్యి జేబులో పెట్టుకునేవాడు. ఒంటి చేత్తోనే పని. అంత జాగ్రత్త."

హైందవి యాంప్ వెనక్కి వెళ్లి చూసింది. మూత స్క్రూలన్నీ బిగించే ఉన్నాయి.

"ఇవాళ దీన్ని ఇంకెవరు ముట్టుకున్నారు?"

"తన ఫ్రెండ్ వివేక్. ఇద్దరూ కలిసే ఆర్నెల్లుగా బాగుచేస్తున్నారు."

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు కామరాజు గారు మెట్ల దగ్గర కళ్లు తుడుచుకుంటున్నారు. "నిన్న ఇద్దరూ అరుచుకున్నారమ్మా. ఆ వివేక్ దాన్ని అమ్మేద్దామన్నాడు. నన్ను చంపి అమ్ముకోరా అన్నాడు మా నేతన్ బాబు. బంగారం లాంటి కుర్రాడు. మా ఆవిడ గుత్తొంకాయ చేస్తే ముందు గిన్నె వీళ్లకే పంపేది."

మర్నాడు వివేక్ స్టేషన్లో కూర్చున్నాడు. నిద్ర లేని కళ్లు.

"ఎందుకు అమ్ముదామన్నావు?"

"బొంబాయి ఆయన ఒకడు అడిగిండు మేడం. మస్తు రేటు చెప్పిండు. ఊకె అన్న. వాడు ఫీలయిండు."

"నిన్న ఏం పని చేశావు?"

"కరెంట్ వైరు మార్చిన. పాతది రెండు పిన్నులది. ఎర్త్ లేదు. మూడు పిన్నులది సోల్డర్ చేసి, టెస్టర్ పెట్టి చూసిన. ఇద్దరం గంట సేపు వాయించినం. ఏం కాలే. ఆరింటికి ఎల్లిపోయిన."

"ఆర్నెల్లు లేనిది నిన్నే ఎందుకు మార్చాల్సి వచ్చింది? ఎవరు మార్చమన్నారు?"

హైందవి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వివేక్ నేల చూశాడు.

చివరికి, "నేనే ఏమన్న తప్పు చేసిన్నేమో మేడం," అన్నాడు. "నా చేతులతోనే పోయిండేమో. జర ఆ యాంప్ చూపించుండ్రి ఎవరికన్న."

"ఒప్పుకున్నట్టే గదా మేడం," అన్నాడు నర్సింహులు బయటికొచ్చాక.

సాయంత్రం క్లూస్ టీమ్ ఇంజనీరు ఫోన్ చేశాడు. యాంప్‌లో ఏ లోపమూ లేదు. రేకులోకి కరెంటు రావడం లేదు. సోల్డరింగ్ ముత్యంలా ఉంది.

లోపం లేని యాంప్ మనిషిని ఎలా చంపుతుంది?

ఇన్‌స్పెక్టర్ దగ్గర ఆ ప్రశ్నకు చోటు లేదు. "ఇంకేదో చేసి ఉంటాడు. రేపు సాయంత్రంలోగా అరెస్ట్ చూపించు."

వివేక్ చంపలేదని హైందవికి అనిపిస్తోంది. అనిపించడం సాక్ష్యం కాదు.

మర్నాడు పొద్దున ఎస్.ఆర్. నగర్ ఇంట్లో హైందవి భర్త కేదార్ దోసెలు పోస్తున్నాడు. మొదటి దోసె ఎప్పుడూ భార్యకే. పెళ్లయిన మర్నాడు పెట్టుకున్న నియమం అది. హైందవి పాల కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది.

"ఎస్సై గారూ, పాదరక్షలు," అన్నాడు కేదార్ వెనక్కి తిరక్కుండానే.

ఫ్రిజ్ ముందు గులాబీ రంగు రబ్బరు చెప్పులు. కాపురం పెట్టిన మొదటి వారమే ఎర్రగడ్డలో కొనుక్కొచ్చాడు. ఫ్రిజ్ ముట్టుకుంటే అప్పుడప్పుడు కరెంటుతో జిల్లుమంటుంది మరి. దేవుడి దగ్గర చెప్పులు విప్పాలి, ఫ్రిజ్ దగ్గర తొడుక్కోవాలి అంటాడు. ఆమె రోజూ నవ్వుతుంది.

ఇవాళ నవ్వలేదు. ఒక కాలికి చెప్పు తొడిగి, అలాగే నిలబడిపోయింది.

నేతన్ వంటింట్లోనూ ఫ్రిజ్ ముందు చెప్పుల జత ఉంది. తను చూసింది. ఫోటోల్లో కూడా ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. ప్రతి ఇంట్లో ఉండేదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

"కేదార్, ఫ్రిజ్ ఎందుకు జిల్లుమంటుంది?"

"ఎర్త్ సరిగ్గా లేకపోతే. ఓనరుకు రెండుసార్లు చెప్పాను."

"ముందు ఆ ప్లగ్ పీకెయ్."

దోసె మాడింది. ఆమె అప్పటికే షూస్ వేసుకుంటోంది.

పదకొండింటికి అందరూ పై వాటాలో ఉన్నారు. జెనీఫర్, కామరాజు గారు, నర్సింహులు పక్కన వివేక్. ఓనరు భార్య నాగేశ్వరి గారికి మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కలేదు. కింద ఫోన్ పట్టుకుని కూర్చుంది. నేతన్ ఎలా పోయాడో చూడ్డానికి ఏదో పరీక్ష అని మాత్రమే ఆమెకు తెలుసు.

యాంప్‌ను అదే సాకెట్‌కు పెట్టారు. స్విచ్ ఆపే ఉంది.

"సార్, ఈ ఇంటి ఎర్త్ గొయ్యి ఎక్కడ?"

"పార్కింగ్‌లో ఉండేదమ్మా," అన్నారు కామరాజు గారు. "మా ఆవిడ ఓసారి అందులో కాలు పెట్టి పడింది. టైల్స్ వేయించినప్పుడు పూడిపించేశాను."

"అందులోకి దిగే వైరు?"

"అడ్డంగా ఉందని కోసేశారు. ఏంటమ్మా, అది అంత ముఖ్యమా?"

హైందవి టెస్టర్ మొనను యాంప్ రేకుకు ఆనించింది. వెలగలేదు. రెండో చేత్తో ఫోన్ స్పీకర్ నొక్కింది.

"అమ్మా, మీ బాత్‌రూంలో గీజర్ వేస్తారా?"

"వేశానమ్మా."

టెస్టర్ వెలిగింది.

హైందవి ఫోన్ మైకును వేలితో మూసింది.

"ఆవిడ రోజూ గీజర్ ఎన్నింటికి వేస్తారు?"

"ఆరున్నరకు," అన్నారు కామరాజు గారు. "దీపం పెట్టే ముందు స్నానానికి. కట్టేశాకే నీళ్లు ముట్టుకుంటుంది. జివ్వుమంటుందని."

"గీజర్ కాయిల్ చెడింది. అందులోంచి కారే కరెంటు ఎర్త్ వైరు పట్టుకుని నేలలోకి పోవాలి. పోయుంటే ఫ్యూజ్ ఎగిరేది. అన్ని వాటాల ఎర్త్ వైర్లూ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. నేలకే అందలేదు. అందుకని ఆ కరెంటు ఇంట్లో ఉన్న ప్రతి మూడో పిన్నులోకీ, స్విచ్ ఆపినా సరే, ఎక్కింది. యాంప్ రేకులోకి, దాన్నుంచి వైరు మీదుగా గిటార్ తీగల్లోకి." ఆమె ఒక్క క్షణం ఆగింది. "ఫ్రిజ్ ముందు చెప్పులున్నాయి. గిటార్ ముందు లేవు."

వివేక్ మెల్లగా అడిగాడు. "అంటే నా సోల్డరింగు?"

"ఒక్క తప్పు లేదు. నీ మీద కేసు లేదు."

అతను ఊపిరి వదిలాడు. వెంటనే ముఖం మారిపోయింది. "పాత రెండు పిన్నులదే ఉంటే మేడం?"

రెండు రోజులుగా అందరినీ ప్రశ్నలు అడిగిన హైందవికి, తనను అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పబుద్ధి కాలేదు.

"బతికేవాడు."

"నాకే భయమై మార్చిన," అన్నాడు వివేక్ గబగబా. "గట్లనే రాసుకోండ్రి."

"ప్లగ్ నేను కొన్నాను వివేక్." జెనీఫర్ గొంతులో ఏడుపు కూడా లేదు. "ఎర్త్ లేకుండా దాన్ని ముట్టుకోనని తనతో ఒట్టు వేయించుకున్నాను. నా పేరు చెప్పకుండా నువ్వు జైలుకు పోదామనుకున్నావు. నేనేమో నిన్నే అనుమానించాను."

వివేక్ తల తిప్పుకున్నాడు.

కామరాజు గారు రెండు చేతులూ ముందుకు చాపారు. "నన్ను తీసుకెళ్లండమ్మా. ఆవిడకు మాత్రం చెప్పకండి."

నిర్లక్ష్యం వల్ల మరణం. సెక్షన్ ఉంది. శిక్ష ఉంది. ఆ చాపిన చేతులను ఏం చెయ్యాలో మాత్రం హైందవికి తెలియలేదు.

ఇంతలో ఫోన్లోంచి నాగేశ్వరి గారి గొంతు.

"ఏమ్మా, నీళ్లు సలసలా కాగిపోతున్నాయి. జెనీఫర్‌ను కిందికి పంపు తల్లీ. ఆ పిల్ల రెండు రోజులుగా ఒంటి మీద చెంబుడు నీళ్లు పోసుకోలేదు. నేను పోస్తాను."

హైందవి మైకు మీది వేలు తీసింది.

"గీజర్ కట్టేయండమ్మా," అంది హైందవి.