మహెక్ చెప్పే సీరియల్

విజయవాడ వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌన్ పైన మా పుట్టిల్లు. అబ్బా పోయాక ఆ ఇంట్లో మా అమ్మీ నజీమా, చెల్లెలు మహెక్ ఉండేవాళ్లు. ఇద్దరికీ ఇంగ్లిష్ సీరియళ్లంటే పిచ్చి. నూటయాభై ఏళ్లనాటి నవలల్ని టీవీకి తీసినవి. గుర్రబ్బళ్లు, పొగమంచు, పెద్ద బంగళాలు, కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగే ఆడవాళ్లు... మహెక్ ఇంగ్లిష్ ఎమ్మే. ఆ నవలల్ని ప్రాణంగా చదివేది. అమ్మీకి ఇంగ్లిష్ ముక్క రాదు. బట్టలు కుట్టే మనిషి కదా, మొదట్లో ఆ గౌన్ల కుట్టు చూసి మురిసిపోయేది. తర్వాత కథల్లో పడిపోయింది.

"వాడేమంటున్నాడే?"

"పెళ్లి మాట మర్చిపొమ్మంటున్నాడు అమ్మీ."

"వాడి మొహం మండ! ఆ పిల్లేమంది?"

"ఏమీ అనలేదు. టీ పోస్తోంది."

ఇద్దరూ పకపకా నవ్వేవాళ్లు.

నిరుడు వానల్లో మహెక్‌కి డెంగీ వచ్చింది. ఒక సీరియల్ సగంలో ఉండగా ఆస్పత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు. అమ్మీ టీవీ మీద దుప్పటి కప్పేసింది.

పోయిన నెల ఒక సాయంత్రం పటమటలోని మా ఇంటి నుంచి అమ్మీని చూడ్డానికి వెళ్లాను. వాన పడుతోంది. మెట్ల మీద ఎప్పుడూ ఉండే మిరపకాయల ఘాటు ఆ రోజు లేదు. తడిమట్టి వాసన... అప్పుడే తవ్విన మట్టి వాసన.

గదిలో లైటు లేదు. టీవీ నడుస్తోంది. సగంలో ఆగిపోయిన ఆ సీరియలే. సౌండ్ లేదు. అమ్మీ దివాన్ మీద ఒక పక్కకి ఒదిగి కూర్చుంది. కళ్ల వెంట నీళ్లు.

"సౌండ్ లేకుండా ఏం చూస్తున్నావ్ అమ్మీ?"

"ఉష్... చెల్లి చెబుతోంది."

ఆమె పక్కన చూశాను. ఎవరూ లేరు.

"ఏం... ఏం చెబుతోంది?"

"ఆ ముసలాయనే ఈ పిల్ల తండ్రట. ఇప్పుడు చెప్పేస్తాడట."

రిమోట్ తీసి సౌండ్ పెట్టాను. తెర మీద ముసలాయన ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు. నువ్వు నా కూతురివి, అన్నాడు ఇంగ్లిష్‌లో.

భయం కంటే ముందు ఏడుపొచ్చింది. "మహెక్..." అని పిలిచాను. చెవులు రిక్కించి విన్నాను. నాకేమీ వినపడలేదు. వాన చప్పుడు తప్ప.

సీరియల్ అయిపోయింది. తెర నల్లబడింది. అమ్మీ మాత్రం తల వంచి వింటూనే ఉంది...

టీవీ ఆపేసి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. చేతులు పట్టుకున్నాను. మంచులా ఉన్నాయి.

"అమ్మీ, మా ఇంటికి వచ్చెయ్. ఒక్కదానివీ ఇక్కడ వద్దు."

అమ్మీ నా పెదాల వంక చూసింది. నేను మాట్లాడింది తెలుగే. మళ్లీ చెప్పాను, మెల్లగా. ఆమెకి అర్థం కాలేదు.

ఖాళీగా ఉన్న పక్కకి తిరిగింది.

"ఈ పిల్లేమంటోందే?"

ఆగింది. విన్నది. తలూపింది.

అప్పుడు నా వైపు చూసింది. తెర మీద మనుషుల్ని చూసే చూపు. కళ్లు మళ్లీ నిండిపోయాయి.

"అయ్యో, పాపం..." అంది పక్కకి, గుసగుసగా. "నేనూ నీ దగ్గరికి వచ్చేశానని ఈ పిల్లకి ఇంకా తెలీదా?"