ఫొటో సాయబు పరదా మీది దీవి

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల ముచ్చట ఇది. మెదక్ ఖిల్లా కింది గల్లీల బద్రుద్దీన్ సాయబు ఫొటో దుకాణం ఉండేది. రాత్రి ఇషా నమాజు అయిందంటే ఆ గల్లీల మనిషన్నోడు నడిచేటోడు కాదు. అల్లాదుర్గ్ బస్సు దిగినోళ్ళు చర్చి దిక్కు సుట్టు తిరిగి ఇంటికి పోయేది గని, ఆ తొవ్వ తొక్కేది కాదు.

తలుపులు మూసిన దుకాణంల కందిలి ఎలుగుతదట... గాజుల సప్పుడైతదట... నీళ్ళు ఒడ్డుకు కొట్టుకున్న సప్పుడు గూడ ఇనొస్తదట.

మంజీర ఏడ, ఆ గల్లీ ఏడ? ఆ సప్పుడు పరదాలకెళ్ళే వస్తదనేటోళ్ళు.

పరదా అంటే ఫొటోకు ఎన్క కట్టే బట్ట. హైదరాబాద్ నుంచి ఒక పెయింటరు వచ్చి, క్యాలెండరు బొమ్మ సూసి, గోడంత బట్ట మీద ఒక దీవి గీసి పోయిండు. సుట్టు నీలం సముద్రం. దీవి మీద కొబ్బరిచెట్లు, తెల్లటి దీపస్తంభం, కొండల ఒక గుహ, ఎర్రపెంకుల బంగళా. నీళ్ళలకు దిగే మెట్లు. మెట్ల కాడ కట్టేసిన పడవ.

మెదకోళ్ళల్ల సముద్రం సూసినోళ్ళు ఎంతమంది? ఏడుపాయల జాతర నుంచి మర్లొచ్చేటోళ్ళు, క్రిస్మస్‌కు కొత్తబట్టలు తొడిగినోళ్ళు, అందరు వచ్చి ఆ దీవి ముంగట నిలబడేది. "దీవికి పోయొచ్చినం" అని సుట్టాలకు చెప్పుకునేది.

టైలరు ప్రకాశం పోయి పడవ పక్కన నిలబడితే, బద్రుద్దీన్ కెమెరా డబ్బా నల్లగుడ్డల నుంచి తలకాయ బయట పెట్టి, "జర ఇవతలికి జరుగు ప్రకాశం. నీ పొట్ట బరువుకు పడవ మునుగుతది" అన్నడట.

"మునిగితే మునుగనీ సాయబూ, నాకు ఈతొస్తది. నా బట్టతల కనవడకుంట తియ్యి, గది సాలు!"

అందరు నవ్విండ్రు. లోపటింటి తలుపు సందుల నిలబడి చాంద్ బీ గూడ నవ్వింది.

చాంద్ బీ బద్రుద్దీన్ పెండ్లాము. ఘోషా మనిషి. ఇంటి ఆడోళ్ళకు ఫొటో తియ్యద్దని బద్రుద్దీన్ తండ్రి పెట్టిన కట్టు. ఊర్లె అందరి మొఖాలు ఆ డబ్బాల పడ్డయి గని, ఆమెది పడలే.

"ఊరంత దీవి సూసొచ్చింది," అనేదట పెనిమిటితోని. "నేనొక్కదాన్నే ఇంక ఒడ్డు మీదున్న."

"ఈద్ పోనీ. ఎవ్వరు లేనప్పుడు తీస్త."

ఈదులు పోయినయి. ఒక వానకాలం జరమొచ్చి చాంద్ బీ గూడ పోయింది.

నలబయ్యో దినం చాలీస్వా ఫాతెహా అయినంక బద్రుద్దీన్ దుకాణం బందు పెట్టిండు. పగలంత పండుకునుడు, రాత్రంత ఆ పరదా ముంగట కూసునుడు. అన్నం ముడుతలేడు. బొక్కలు తేలినయి. హకీం నాడి పట్టి సూసి, "తినని మనిషికి నా మందేం చేస్తదమ్మా" అని లేసి పోయిండు.

ఆ మాట ఇన్నది బద్రుద్దీన్ అక్క, హాజిరా. మొగడు పోయి పుట్టింటికొచ్చిన మనిషి. తల్లి లేని తమ్మున్ని సంకనేసుకొని పెంచింది; అక్కను ఆయన ఆపా అని పిలిచేటోడు. ఆ తమ్ముడు తప్ప ఆమెకు దునియాల ఇంకెవరు లేరు.

ఒకనాటి రాత్రి పల్లెంల రొట్టె పెట్టుకొని, లోపటింట్లకెళ్ళి దుకాణం తలుపు మెల్లగ నూకింది.

పరదా ముంగట కుర్సీ. కుర్సీల ఎవ్వరు లేరు.

బద్రుద్దీన్ నల్లగుడ్డ కింద వంగి ఉన్నడు. "జర గడ్డం పైకి... ఆఁ... గట్లనే." తలకాయ బయటికి తీసి ఉత్త కుర్సీ దిక్కు సూసిండు. "ఇయ్యాల గుహ దాక పోయినవా? లోపట సల్లగున్నదా?"

ఆగిండు... ఇన్నడు... తలకాయ ఊపిండు.

"దీపస్తంభం ఎక్కినవా మరి? కండ్లు తిరగలేదా?"

హాజిరా గడప దాటింది. "బద్రూ... ఎవరితోనిరా?"

ఆయన పెదవుల మీద ఏలు పెట్టిండు. "మెల్లగ ఆపా. ఇప్పుడే తిరిగొచ్చి కూసున్నది, అలసిపోయింది." ఎనుకటి లెక్క నవ్విండు. "రేపు రాత్రి పడవ ఇప్పుతరట. నాకు గూడ జాగ పట్టి పెట్టిందట."

తమ్ముడు గూడ చాంద్ బీ ఎన్కనే పోయెటట్టున్నడని హాజిరాకు ఎరుకైంది.

చాంద్ బీ బురఖా తొడిగి ఆ కుర్సీల కూసుంటనని తెల్లారి పక్కింటి ఎలిశిబాతోని అన్నది. ఎలిశిబా దవాఖానల ఆయా, ధైర్యమున్న మనిషి. ఆమె గూడ బెదిరింది.

"నీకేమన్న పట్టిందా అక్కా? సచ్చినోళ్ళ బురఖా ఎవరన్న తొడుగుతరా?"

"సచ్చినదాని మాటే ఇంటుండు వాడు. బతికున్నదాని మాట ఇంటలేడు. నన్నేం చెయ్యమంటవ్ చెప్పు?"

"నేనైతే ప్రార్థన చేస్త."

"చెయ్యి. నీ దేవునికి చెప్పు, నా అల్లాకు గూడ ఒక మాట చెప్పు."

పొద్దు మునిగినంక హాజిరా పెట్టె తెరిచింది. చాంద్ బీ బురఖాల ఇంక అత్తరు వాసన పోలే. తొడుక్కొని, మొఖం మీద ముసుగు దించి, చీకట్లనే పోయి పరదా ముంగట కుర్సీల కూసున్నది.

బద్రుద్దీన్ కందిలి పట్టుకొని వచ్చిండు. ఆమెను సూసిండు... ఉలికిపడలే. కందిలి స్టూలు మీద పెట్టి, నల్లగుడ్డ కిందికి దూరిండు.



కిటికీలన్ని మూసే ఉన్నయి. అయిన ఎన్క పరదా కదిలింది... ఎడమ భుజం మీద ఏదో పడ్డది. మెత్తగ... సల్లగ. పరదా అంచే కావచ్చు అనుకున్నది హాజిరా. మర్లి సూస్తే తమ్మునికి ఎరుకైతది. మర్లలే. గొంతు సన్నగ చేసింది.

"ఇంటున్నరా... దీవంత సూసిన. నాకేం తక్కువ లేదు, బాగున్న. మీరు మాత్రం రాకుండ్రి. పడవల ఒక్కరికే జాగ ఉన్నది. మీరొస్తే... ఆపా ఒక్కతి అయితది. పోయి అన్నం తినుండ్రి."

నల్లగుడ్డ కింద ఎక్కెక్కి ఏడ్సిన సప్పుడొచ్చింది. తర్వాత ఒక్క మాట... "సరే."

కందిలి ఆడ్నే ఇడిసిపెట్టి బద్రుద్దీన్ ఎళ్ళిపోయిండు. అప్పుడు హాజిరా భుజం తేలికైంది. ఆమె ఎనక్కు సూడకుంట లోపటింట్లకు ఉరికింది.

తెల్లారి పొయ్యి కాడ కూసుంటే తమ్ముడొచ్చి పక్కన కూసున్నడు.

"ఆపా, రొట్టె ఉన్నదా?"

రెండు రొట్టెలు తిన్నడు. ఇంకోటి అడిగిండు. హాజిరాకు కండ్ల నీళ్ళు ఆగలే. ఏమెరుగనట్టు, "రాత్రి మన దుల్హన్ చాంద్ బీ ఏమన్నదిరా?" అని అడిగింది.

బద్రుద్దీన్ నవ్విండు. "ఆపా, జోలపాట పాడి పెంచిన గొంతు, నేను గుర్తు పట్టనా? కుర్సీల కూసున్నది నువ్వే."

హాజిరా సిగ్గుతోని తల దించింది. "నేనే అని ఎరుకైనంక గూడ మరి నా మాట ఇని ఎట్ల లేసొచ్చినవ్?"

ఆయన రొట్టె తుంచి నోట్లె పెట్టుకున్నడు. పొయ్యిల మంట దిక్కు సూసుకుంట మెల్లగ అన్నడు.

"నువ్వు రావద్దు అంటుంటే... నీ ఎన్క నిలబడి, ఇద్దరి ఫొటోల నిలబడ్డట్టే నీ భుజం మీద చెయ్యేసింది గద... ఆమె గూడ అద్దు, అద్దు అని తలకాయ ఊపింది."