ఓసెబో దుకాణానికి సెలవు

టార్చ్ వెలుగు వ్యాన్‌లోకి దూసుకొస్తుంది.

"దిగండి! అందరూ! గుర్తింపు కార్డులు చేతిలో పట్టుకోండి!"

పోలీసులు!

సార్‌పాంగ్ చంకలో పొట్లాన్ని బిగించి పట్టుకుంటాడు. వ్యాన్ వెనక తలుపు తాడుతో కట్టి ఉంది. ఒక్క లాగు లాగుతాడు. తాడు రాదు... తలుపే ఊడొస్తుంది!

"ఒరేయ్! నా తలుపురా!" డ్రైవర్ కేక. పోలీసుల కంటే వాడి బాధే ఎక్కువ.

దూకుతాడు. కోకో తోటలోకి!

కొమ్మలు మొహం గీరేస్తున్నాయి. ఒక చెప్పు బురదకి సమర్పించుకున్నాడు. పొట్లం మాత్రం వదల్లేదు.

అందులో డబ్బు లేదు. మాత్రలు లేవు.

గుడ్డ. కెంటె నేత గుడ్డ. ఒకప్పుడు అమ్మ కుమాసీ అంగట్లో వేళ్ళతో తడిమి, ధర అడక్కుండానే వదిలేసిన రకం.

శవపెట్టె మూత పడేలోపు పెద్దకొడుకు తన చేతులతో తల్లి మీద గుడ్డ కప్పాలి. మూత పడ్డాక తెరవరు. ఆ దేవుడే దిగొచ్చి బతిమాలినా తెరవరు.

పరుగు...!

మూడేళ్ళ కిందట సార్‌పాంగ్ కుమాసీలో ఫోన్లు బాగుచేసేవాడు. దుకాణం ఎంత పెద్దదంటే, గిరాకీ లోపలికొస్తే యజమాని బయటికి పోవాలి. ఆ తర్వాత ఇంటర్నెట్ చీకటి మూలలో ఇంకో దుకాణం తెరిచాడు. పేరు ఓసెబో. అంటే చిరుతపులి.

సరుకు, ఎర్ర మాత్రలు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని నొప్పి మాత్రలు. వేసుకుంటే ఆకలుండదు, అలుపుండదు. బస్తాలు మోసేవాళ్ళు, బంగారు గనుల్లో తవ్వేవాళ్ళు, లారీలు తోలేవాళ్ళు... అందరూ ఓసెబో భక్తులే.

కొంతమంది వేసుకుని పడుకున్నారు. మళ్ళీ లేవలేదు. ఆ వార్తలు వాడు చదవలేదు. తీరిక లేదు.

అమ్మకి మాత్రం చార్జర్లు అమ్ముతున్నానని చెప్పాడు. పాపం, ఆవిడ ప్రతి ఆదివారం చర్చిలో చార్జర్ల కోసం ప్రార్థించేది. వాడు కట్టించిన మేడ చూస్తే, ఆఫ్రికాలో ఉన్న ఫోన్లన్నీ వాడి దయ మీదే బతుకుతున్నాయనిపించేది.

పోలీసులకి ఓసెబో పేరు తెలుసు. మనిషి తెలీదు. మొహం తెలీదు, ఊరు తెలీదు.

అప్పుడు అమ్మ పోయింది.

ఆ రోజు వాడి చేతులు వాటంతటవే పనిచేశాయి. వాడి ఊళ్ళో ఇంట్లో చావైతే దుకాణం మూసి, తలుపుకి ఎర్రగుడ్డా నల్లగుడ్డా కడతారు. తాతలు కట్టారు, మామయ్యలు కట్టారు. వాడూ కట్టాడు... వెబ్‌సైట్‌కి!

'మా అమ్మ పోయింది. సమాధి అయ్యేదాకా దుకాణానికి సెలవు.'

దొంగ సరుకు కొనేవాళ్ళందరూ భోరుమన్నారు. ఒకడైతే మాత్రల బొమ్మకి పూలదండ కూడా వేశాడు.

పోలీసులూ చదివారు.

చేసిన తప్పు తలకెక్కేసరికి తెల్లారింది. సరిహద్దు దాటి టోగోలో పడ్డాడు. అక్కణ్ణుంచి మేనమామకి ఫోన్.

"ఖర్చు చూడకు మామయ్యా! రాణికి చేసినట్టు చెయ్యి. ఒక్కటీ తగ్గకూడదు!"

"నువ్వు రావట్రా?"

"రాలేను."

వచ్చేశాడు.

పొద్దు పొడుస్తుండగా పెరటి వైపు నుంచి ఇంట్లోకి దూరతాడు. ముంగిలి నిండా నల్లబట్టలు, ఎర్రబట్టలు, ప్లాస్టిక్ కుర్చీలు. నడుమ పెట్టె.

మూత ఇంకా వెయ్యలేదు!

"ఒరేయ్!" ఒఫొరి మామయ్య వాటేసుకుంటాడు. "రెండో చెప్పు ఏదిరా? టోగోలో తాకట్టు పెట్టావా?"

"మామయ్యా, మూత..."

"పాస్టరుగారు మొక్కజొన్న కెంకీ తింటున్నారు. తిన్నాక వేస్తారు. అది సరే, ఆవిణ్ణి చూశావా? ఊరూ పేరూ తెలీదు, పైసా అడగలేదు, వచ్చి ఏడుస్తోంది. ఏం గొంతురా! నిన్న ఈవిడ అందుకుంటే మన మేకలు మేత మానేశాయి!"

పెట్టె పక్కన సన్నటి మనిషి. తలకి నల్ల గుడ్డ. నిజంగానే గుండె కోసేలా ఏడుస్తోంది.

పెట్టెకి అటువైపు కూర్చున్న అమ్మ చెల్లెలు, సెర్వా పిన్ని తలెత్తుతుంది. సార్‌పాంగ్‌ని చూస్తుంది. అంతే, పెట్టె మీద పడిపోతుంది.

"అక్కా! ఎవరొచ్చారో చూడవే! పిల్లి కనపడితే మంచం కింద దూరేవాడే... ఎగతాళికి ఓసెబో అని పిలిచేదానివే! నీ ఓసెబో వచ్చాడే అక్కా... లేవవే!"

సార్‌పాంగ్ ఒక్క అడుగు వెనక్కేస్తాడు.

ఆ పేరు ఎరిగినవాళ్ళు ముగ్గురే. అమ్మ, పిన్ని, తను. అమ్మ నోటి పేరు కాబట్టి ఎవడికీ దొరకదనుకున్నాడు.

ఏడుపుల్లో ఒక గొంతు ఠక్కున ఆగిపోయింది.

నల్లగుడ్డ మనిషి లేచి, కళ్ళు తుడుచుకుంటూ వాడి పక్కకొచ్చి నిలబడుతుంది.

"పరిగెత్తకు," గుసగుసగా అంటుంది. "ఇన్‌స్పెక్టర్ అజోవా. చావుకి దుకాణం మూసి ఎర్రగుడ్డా నల్లగుడ్డా కట్టేది ఈ వైపే. నీ సెలవు చీటీ చదివినప్పట్నుంచి ఈ జిల్లాలో నేను ఏడవని శవం లేదు."

"మేడం... గుడ్డ..."

"చూశాను. వెళ్ళి కప్పు. అయ్యాకే తీసుకెళ్తా."

వాడు నమ్మలేక చూస్తాడు. "ఎందుకు?"

"మా తమ్ముడి మీద నేను కప్పాను కాబట్టి. లారీ తోలేవాడు. మాత్రలు నీ దగ్గరే కొన్నాడు." ఆమె పెట్టె వైపు చూస్తుంది. "పరాయి శవాల దగ్గర దొంగేడుపు ఏడవడానికొచ్చాను. ఒక్కచోట కూడా దొంగేడుపు రాలేదు. వెళ్ళు... మీ అమ్మ ఎదురుచూస్తోంది."

సార్‌పాంగ్ పొట్లం విప్పుతాడు. గుడ్డ చేతుల్లోకి తీసుకుంటాడు. అమ్మ మొహం కనిపిస్తోంది. ఇంకొక్క అడుగు...

ఢాం...!

తుపాకీ!

కాల్చేశారు! అంతా నాటకం!

బుర్ర ఆలోచించేలోపే కాళ్ళు లేచిపోతాయి. కుర్చీలు ఎగురుతాయి. పాస్టరుగారి కెంకీ ఎగురుతుంది. వంటిల్లు... పెరడు... గోడ...!

దూకుతాడు.

గోడ అవతల ఇద్దరు కానిస్టేబుళ్ళు. అరటిచెట్ల కింద బురదలో వాణ్ణి బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెడతారు.

అజోవా రొప్పుతూ వస్తుంది. "ఎందుకు పరిగెత్తావ్? వద్దన్నానుగా!"

"మీవాళ్ళు... కాల్చారు..."

"మావాళ్ళ దగ్గర లాఠీలు తప్ప ఏం ఉన్నాయి?" ఆమె కళ్ళల్లో మళ్ళీ నీళ్ళు. "అది మూత వేసే వేళ పేల్చమని మీ మామయ్య పెట్టించిన నాటు తుపాకీ. మీ అమ్మకి గౌరవం. రాణి పోతే పేలుస్తారట కదా... నువ్వే చెప్పావట, ఒక్కటీ తగ్గకూడదని."

గోడ లోపల చప్పుడు.

టక్... టక్... టక్...

మేకులు!

"మేడం! ఆపమనండి! ఒక్క నిమిషం! మేడం!"

అజోవా గోడ వైపు తిరిగి, మేకల్ని మేత మాన్పించిన ఆ గొంతంతా ఎత్తి అరుస్తుంది.

"ఆపండి! మూత వెయ్యకండి!"

ఢాం...!

ఆ కేక తుపాకీ చప్పుడులో కలిసిపోతుంది.

పొగ తేలిపోతుంది. మేకుల చప్పుడు ఆగింది. ఇంక కొట్టడానికేం మిగల్లేదు.

గుడ్డ వాడి పిడికిట్లోనే ఉంది. బురదలో నానుతోంది.

గోడ అవతల సెర్వా పిన్ని వెతుక్కుంటోంది.

"ఓసెబో! ఏ మంచం కింద దూరావురా? మీ అమ్మ వెళ్ళిపోతోంది... బయటికి రారా!"