చేతిమీద చుట్టిన సున్న

“గోకనియ్యాకు. పసుపు పుయ్యాకు. ఈ సున్న చెరిగితే యాడ సూడాల్నో తెలీదు. శనివారం తీసకరా, రాకుంటే మళ్ళీ సూదే.”

జమ్మలమడుగు ఆస్పత్రిలో నర్సు రత్నమణి, ఏడేళ్ళ ఎస్తేరు ముంజేతికి టీబీ పరీక్ష సూది వేసి, ఆ చోటు చుట్టూ బాల్‌పెన్నుతో సున్న చుట్టింది.

“నేను డిగ్రీ చదివినాలే,” అన్నాడు పిల్ల మేనమామ ఎలీషా.

“చదివినోళ్ళే రారు.”

ఆ మాట అతన్ని రెండు రోజులు కుదురుగా కూర్చోనివ్వలేదు. మాటో, పెన్ను పట్టిన వేళ్ళో.

ఎస్తేరుకు ఊహ తెలిసినప్పటినుంచీ ఒంటినిండా దురద, ముసురు పడితే ఆయాసం. ఊరు దానికి టీబీ అని పేరు పెట్టింది. కాదని శనివారం సాయంత్రంలోగా కాగితం చూపకపోతే బోర్డింగు స్కూల్లో సీటు పోతుంది.

శుక్రవారానికి సున్న లోపలంతా ఎర్రగా కందింది. ఆ రోజే పక్క మండలంలో ఒక పార్టీ మనిషిని నరికారు. శనివారం బస్సుల్లేవు. ఒక పార్టీ జీపు ఇంటిముందు ఆగి ఎక్కమంది. కాసేపటికి రెండో పార్టీ జీపూ ఆగింది. ఎవరి జీపెక్కితే జీవితాంతం వాళ్ళ మనిషే. ఎలీషా రెంటికీ దణ్ణం పెట్టి, పిల్లను సైకిలెక్కించుకుని, వాన జల్లుకు సున్న చెరగకుండా ఆమె చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టి, పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కాడు.

డ్యూటీ అయిపోయినా రత్నమణి ఆస్పత్రి గేటు దగ్గరే ఉంది.

“ఎర్రగైంది నర్సమ్మా,” అన్నాడు.

ఆమె ఎరుపును పట్టించుకోలేదు. వేలితో తడిమింది. బాల్‌పెన్నును బయటినుంచి లోపలికి మెల్లగా జరిపింది. గట్టి అంచు తగిలితే పెన్ను ఆగాలి. ఆగలేదు.

“ఎరుపు లెక్కకు రాదప్పా, టీబీ అయితే గడ్డ కట్టాల. దురద ఒళ్ళు కదా, గోక్కోని కందింది. మొన్న తీసిన ఎక్స్‌రే గూడా బాగుందని డాక్టరమ్మ రాసింది. ఇది ఉబ్బసం, టీబీ కాదు.”

ఎలీషా ప్లాస్టిక్ కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. రత్నమణి లోపలినుంచి కాగితం తెచ్చిచ్చి, బస్సుల్లేవు కదా, ఏ పార్టీ జీపులో వచ్చారని అడిగింది. బురద సైకిలు చూపించాడు. ఆమె మొదటిసారి నవ్వింది.

అతను తన ముంజెయ్యి చాపాడు. “నాకూ ఒక సున్న చుట్టు.”

“నీకేం రోగం?”

“తెలీదు. మూడో దినం వచ్చి సూపిస్తా.”

ఆమె చుట్టూ చూసి, గబగబా చుట్టేసింది. “సోమవారం నాకు డ్యూటీ లేదు. ఇంటికే రా. మా నాయన సూడాల.”

“రాకుంటే?”

“మళ్ళీ సూదే.”

ఎస్తేరును బోర్డింగులో దింపి తిరిగి వస్తుంటే మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. ఎలీషా సైకిలాపి, ప్లాస్టిక్ కవరు తీసి తన చేతికి చుట్టుకున్నాడు.