వేలిముద్ర చోట సంతకం

కార్తీకమంతా కుంతల ఒక్కపూట, పసుపు వేయని పప్పన్నం తింటుంది. ఆ ఉదయం కూతురు లోప కోసం మాత్రం బఠాణీలతో ఘుగుని కూర వండి, మరమరాల పళ్ళెం పక్కన ఒక కవరు పెట్టింది. సర్కారు బ్లాకాఫీసులో గుమాస్తా ఉద్యోగానికి లోపకు వచ్చిన ఉత్తర్వు అది. చేరతానని తెలపడానికి ఆ రోజే ఆఖరు.

లోప కవరును పక్కకు జరిపి తినసాగింది. కటక్‌లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె డయాలసిస్ యంత్రాలు చూసుకుంటుంది. జీతం ఇరవై ఎనిమిది వేలు. సర్కారు మొదట ఇచ్చేది పంతొమ్మిది. ఆ తేడా కుంతల లెక్కలోకి రాలేదు. ప్రభుత్వ అచ్చాఫీసులో పనిచేస్తూ భర్త పోయాక, పదకొండేళ్ళుగా ఆమెను నిలబెట్టింది పింఛనే. వీధిలో అప్పుడే అందరికీ రసగుల్లాలు కూడా పంచేసింది.

"మీ ఆసుపత్రి వాళ్ళు రేపట్నించి రావద్దంటే ఏం చేస్తావే?"

"ఇంకో ఆసుపత్రికి వెళ్తాను. ఈ పని తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉన్నారని?"

"ముసలితనంలో ఎవరు పెడతారు? మీ నాన్న పోయాక మీ పెదనాన్న దగ్గర నేను ఒక్కసారైనా చెయ్యి చాచానా? ఎందుకనుకున్నావు?"

లోప చెయ్యి కడుక్కుని వచ్చి, కవరులోని కాగితాన్ని తల్లి ముందు పరిచింది. "రోజూ పేపరు చదువుతున్నావుగా, ఇదీ చదువు. నేను చెబితే నమ్మవు."

కుంతల అక్షరాలు నేర్చి రెండేళ్ళే అయింది. నేర్పింది లోపే. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పోయింది. రెండో పేజీలో వేలు ఆగిపోయింది. పాత పింఛను కొత్తగా చేరేవారికి లేదు. జీతంలోంచి నెలనెలా కోసే సొమ్మూ, దానికి సర్కారు కలిపేదీ నిల్వ చేస్తారు; రేపు పింఛనుగా వచ్చేది ఆ నిల్వను బట్టే. మళ్ళీ మొదటినుంచి చదివింది. అక్కడ ఉన్నది మారలేదు.

"మరి మీ ఆసుపత్రిలో?"

"పీఎఫ్ ఉంది. అది చాలదు, మిగతాది నేనే దాచుకోవాలి. నీకు కావాల్సింది నాన్న ఉద్యోగం అమ్మా. అది ఇప్పుడు ఎవరికీ దొరకదు."

కుంతల కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ పనిలో నీకు బాగుంటుందా అని మొదటిసారి అడిగింది. తను సూది పెడితే తప్ప చెయ్యి చాపని ముసలాయన ఒకడున్నాడని లోప చెప్పింది.

"అయితే అక్కడే ఉండు. ఒకటో తారీఖున అయిదు వేలు నీ పేరున పోస్టాఫీసులో పడాలి. పాసుబుక్కు నాకు చూపించాలి. నేను చదివే చూస్తాను."

పింఛనుదారులు తాము బతికే ఉన్నామని బ్యాంకులో రాసివ్వాల్సిన నెల అది. తల్లీకూతుళ్ళు కలిసే బ్యాంకుకు వెళ్ళారు. అక్కడి గుమాస్తా అలవాటుగా సిరా పెట్టె ముందుకు తోశాడు. కుంతల కలం అడిగింది. రికార్డులో వేలిముద్రే ఉందని, సంతకానికి మార్చాలంటే వేరే ఫారం పెట్టాలని, అది పూర్తయ్యేసరికి రెండు నెలలు పింఛను ఆగినా ఆగవచ్చని అతను చెప్పాడు.

లోప తల్లి చెవి దగ్గరకు వంగింది. "ఈసారికి వేలిముద్ర వేసెయ్యమ్మా. లేకపోతే రెండు నెలలు నా దగ్గర చెయ్యి చాచాలి."

"నీ దగ్గరేగా," అంది కుంతల. సిరా పెట్టె వెనక్కి తోసి, "ఆ ఫారం ఇవ్వు నాయనా," అని కలం పట్టుకుంది.