భుజంలో నల్లగీత

"పదకొండింటికి కమిటీ సంతకం పెడుతుంది. ఇక ఆ కృత్రిమ భుజం ప్రతి ఆస్పత్రికీ వెళ్తుంది. లోపలి ప్లాస్టిక్ కప్పు ఎముక నుంచి వదులైపోతోందన్న రుజువును దాన్ని అమ్మే విదేశీ ముఠా దాచేసింది. అది కావాలి," అన్నాడు చీఫ్.

"మారువేషం?" అడిగాడు ఏజెంట్ గద్ద.

"అక్కర్లేదు. నీకూ ట్రయల్‌లో అదే భుజం పెట్టారుగా, పేషెంటుగానే వెళ్లు. నీది బాగానే ఉందా?"

"ఫస్ట్ క్లాస్ సార్," అన్నాడు గద్ద, కుడిచేయి జేబులోంచి తీయకుండా.

పదిన్నరకు మీటింగ్ హాలు బయట, కాఫీ మెషీన్ దగ్గరికి ముందు సెంటు వాసన వచ్చింది, వెనక నెమలి వచ్చింది. ముఠాకు సేల్స్ మేనేజర్, మనకు డబుల్ ఏజెంట్.

"లిఫ్ట్ పనిచేయట్లేదా?"

"మెట్లు అలవాటే."

కోడ్ సరిపోయింది. ఆమె ఫైలు తెరిచింది. "ఎక్స్‌రేలు మాయం చేశారు. మిగిలినవి పేషెంట్లు నింపిన ఫారాలే."

గద్ద చొక్కా పై గుండీలో కెమెరా ఉంది. నొక్కబోతే కుడిచేయి ఛాతీ దగ్గరే ఆగింది. ఎడమచేత్తో నొక్కాడు. నెమలి చూసింది.

మొదటి ఫారం: నొప్పి, లేదు. చేయి లేస్తోందా, పూర్తిగా. చేతిరాత తనదే. ఎక్స్‌రేకి వెళ్తే మిషన్లు మాన్పించి ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతారని, ఇంట్లోనే నింపి పోస్టు చేశాడు.

"కమిటీకి దీన్నే చూపిస్తున్నారు. గూఢచారికే ఇబ్బంది లేదట, ఇంకెవరికుంటుందని," అంది నెమలి. "పొద్దున ఆ పై గుండీ ఎవరు పెట్టారు?"

"మా ఆవిడ." గద్ద నేల చూశాడు. "ఏడు నెలలుగా. మిషన్‌లో దెబ్బ, అడక్కూడదని చెప్పాను."

నెమలి నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు.

పదీ యాభై తొమ్మిది. ఛైర్మన్ పెన్ను కాగితానికి ఆనుతుండగా గద్ద తలుపు తోశాడు.

"ఆ మొదటి ఫారం నాది. అబద్ధం రాశాను."

అందరి ముందూ చేయి ఎత్తాడు. ఛాతీ దాకా వచ్చి, టక్కుమని ఆగిపోయింది. చెవులు కాలిపోతున్నాయి. కమిటీలోని పెద్ద సర్జన్ లేచి ఆ భుజం మీద అరచేయి వేశాడు.

"ముందు ఎక్స్‌రే. అంతవరకూ సంతకం లేదు."

కింది అంతస్తులో తీసిన ఫిల్ములో కప్పు చుట్టూ నల్లగీత, ఎముక వదిలేసిన చోటు. గుమ్మం దాటబోయిన ముఠాకు చీఫ్ మనుషులు ఎదురయ్యారు.

సాయంత్రం భార్యకు అంతా చెప్పి తల దించుకున్నాడు. ఆమె పై గుండీ విప్పింది.

"సరే. కానీ తడి తువ్వాలు మంచం మీద పడేయడం మాత్రం భుజం ఖాతాలో వేయకండి. అది పెళ్లైన వారం నుంచీ ఉంది."