మంద పోయిన దొడ్డి

శెనక్కాయ పంట ఎండిపోయిన ఆ ఏడు మా చెరువులో నీళ్ళు మోకాటి లోతుకు దిగాయి. చేసేదానికి పనీ లేదు. నా భార్య తమ్ముడు మారన్న నూలు మిల్లుకు సెలవు పెట్టి వస్తే, చెరువులోనే చేపలు పట్టి, వండుకుని, ఒక రాత్రి అక్కడే పడుకుందామన్నాను.

"నువ్వు పోయే తావు అట్లాంటిది. వాణ్ణి జాగ్రత్తగా తీసుకరావల్ల," అంది నా భార్య రామలక్ష్మమ్మ. మోకాటి నీళ్ళలో ఎవరు మునుగుతారని నవ్వాను.

చెరువులో నీళ్ళు ఇంకిపోయిన వైపు గొర్రెల దొడ్డి ఒకటి ఖాళీ అవుతోంది. చుట్టూ నిలువెత్తు ముళ్ళకంప, ఒకటే వాకిలి. కాపరి పెద్దతిమ్మప్ప మేత వెతుక్కుంటూ మందను తోలుకుపోతున్నాడు.

"పడుకుంటే పడుకోండప్పా. వాకిలికి మాత్రం కంప అడ్డం పెట్టొద్దు. మంద పోయినాక మేము దొడ్డి తెరిచే వదులుతాం."

"ఏం, దెయ్యాలు పోయేదానికా?"

ఆయన నవ్వలేదు. "లోపల ఏమన్నా ఉంటే, అది పోవల్ల గదా," అన్నాడు.

చేపల పులుసు, సంగటి కడుపునిండా తిన్నాం. పొద్దు గూకాక గట్టు మీద తోడేలు ఊళ వేసింది. మారన్న ఉలిక్కిపడ్డాడు. నాకూ భయమేసింది, ఒప్పుకుంటాను. కంప లాగి వాకిలి మూసేశాను. చేతికి చుట్టుకున్న నా ఎర్ర తువ్వాలు ముళ్ళకు చిక్కుకుంది. పొద్దున తీసుకుందాంలే అనుకుని వదిలేశాను.

మంట ఆరింది. తడిసిన గొర్రె బొచ్చు వాసన... ఆ ఏడు చినుకన్నా పడలేదు. తర్వాత గిట్టల చప్పుడు. బయట కాదు... లోపల. మా చుట్టూ తిరుగుతోంది.

"బావా, వాకిలి తియ్యి," మారన్న గుసగుసలాడాడు.

చీకట్లో కంపను తడుముతూ పోయాను. తువ్వాలు తగిలితే అదే వాకిలి. ఒక చుట్టు తిరిగాను. రెండు చుట్లు. కంప... కంప... తువ్వాలు లేదు. అరచేతులు రక్తమయ్యాయి.

"మారన్నా, యాడుండావు?"

"ఈడే..."

ఒక చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. మంచులా ఉంది. పాపం, భయంతో చల్లబడ్డాడనుకున్నాను. ఆ చెయ్యి వదలకుండా కంప మీద పడి, తొక్కి, చీల్చుకుని బయటపడ్డాను. ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

రామలక్ష్మమ్మ తలుపు తీసింది. దీపం వెలిగించేలోపే మారన్న దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"తీసుకొచ్చినావు, అంతే చాలు," అని ఆమె గడియ వేసింది. నా అరచేతులకు పసుపు అద్దింది. ఆమె మాట నిలబెట్టానని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు తలుపు చప్పుడైంది.

"బావా... కంపలో ఇరుక్కుంటే నన్ను ఇడిసిపెట్టి వస్తావా? తలుపు తియ్యి..."

మారన్న గొంతే. రామలక్ష్మమ్మ నా వైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

ఇల్లంతా తడిసిన బొచ్చు వాసన. దుప్పటి కింద ఉన్నది మెల్లగా లేచింది. నేల మీద గిట్టల చప్పుడు... మాకూ గడియకూ మధ్యకు వచ్చి నిలబడింది.

దాని మెడలో నా ఎర్ర తువ్వాలు ఉంది.